పురిటికి అయిదువేల కిలోమీటర్లు!

కూతురికి నెలలు నిండుతున్నాయంటే పుట్టింటికి తీసుకురావడానికి మంచిరోజు చూడడం మనిళ్ళలో మామూలే. ఆ కాస్త ప్రయాణానికే ఎంత హడావిడి! కుదుపులు లేని బండి చూడాలి, దారిలో తినడానికి ఏదైనా కట్టుకోవాలి, పక్కన పెద్దదిక్కు ఒకరుండాలి. ఈ మధ్య ఆ ప్రయాణం తిరగబడింది కూడా. కూతురు అమెరికాలో ఉంటే అమ్మే ఆవకాయ, కాయం, ఉగ్గుగిన్నె సర్దుకుని విమానం ఎక్కుతోంది.

మరి నిండు చూలాలు ఒకతె, దారిలో ఒక్క ముద్ద ముట్టకుండా, వెంట బంధుబలగం లేకుండా, దాదాపు అయిదువేల కిలోమీటర్లు ఈదుకుంటూ పురిటికి వెళుతుందంటే ఏమంటారు? కట్టుకథ కాదండీ. ఏటా శీతాకాలంలో అలాస్కా నుంచి హవాయి దీవులకు జరిగే ప్రయాణం ఇది. వెళ్ళేది హంప్‌బ్యాక్ తిమింగలం. నీళ్ళలో మునగబోయే ముందు వీపును గూనిలా వంచుతుంది కాబట్టి దానికా పేరు వచ్చింది. పెద్దదయితే 45 అడుగుల పొడవు, ముప్ఫై టన్నులకు పైగా బరువు. ఆర్టీసీ బస్సు కన్నా పొడుగన్నమాట.

నడిసముద్రంలో పెరడు

హవాయి అమెరికాలో ఒక రాష్ట్రమే. కానీ మ్యాపులో చూస్తే పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ నాలుగు పేలాలు చల్లినట్టు ఉంటుంది. కాలిఫోర్నియా నుంచి విమానంలో సుమారు అయిదు గంటలు. ఆ దీవుల్లో రెండో పెద్దది మావి. దాని పక్కనే మొలొకాయి, లనాయి, కహొఒలవే అని మరో మూడు దీవులున్నాయి. ఈ నాలుగింటి మధ్య సముద్రం లోతు తక్కువ, నీళ్ళు గోరువెచ్చన, అలల తాకిడి కూడా తక్కువే. చుట్టూ ప్రహరీ ఉన్న పెరడు లాంటిదనుకోండి. తిమింగలాలు పురుడు పోసుకునేది ఇక్కడే.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజను. ఫిబ్రవరిలో వెళితే చూపు ఎటు తిప్పినా తిమింగలమే. మావిలోని మాఅలాయెయా రేవు నుంచి పడవలు బయలుదేరతాయి. దూరంగా కుక్కరు ఆవిరి వదిలినట్టు తెల్లటి పొగ లేస్తుంది. అది తిమింగలం వదిలిన ఊపిరి. తరువాత నల్లటి వీపు వంగుతుంది. చివరగా తోక పైకి లేచి, నీళ్ళు ధారగా కారుతూ నెమ్మదిగా మునుగుతుంది. ఒక్కోసారి ముప్ఫై టన్నుల దేహమూ గాల్లోకి లేచి దబ్బున పడుతుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

పడవవాళ్ళు నీళ్ళలోకి మైకు దింపితే పాట కూడా వినవచ్చు. పాడేది మగవే. ఒక్కో పాట పది, ఇరవై నిమిషాలు సాగుతుంది. మళ్ళీ మొదటికి వచ్చి గంటల తరబడి అదే పాట. రోజర్ పేన్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో ఈ పాటలను గ్రామఫోను రికార్డుగా తెస్తే అది ప్రపంచమంతటా అమ్ముడుపోయింది. తిమింగలాల వేట ఆపాలన్న ఉద్యమానికి అది పెద్ద ఊపు ఇచ్చింది.

తల్లులు మాత్రం పాడవు. పిల్లలతో గుసగుసలాడతాయి. ఇది ఉత్తమాట కాదు. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని ఎక్స్‌మత్ గల్ఫ్‌లో పసిపిల్లల ఒంటికి చిన్న రబ్బరు బుడిపెలతో యంత్రాలు అంటించి విన్నారు. తల్లీపిల్లల మాటలు అతి మెల్లని మూలుగుల్లా ఉన్నాయని 2017లో ప్రకటించారు. పెద్దగా అరిస్తే పిల్లల్ని వేటాడే ఓర్కాలు వింటాయి మరి. ఉయ్యాల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదన్నమాట!

తిండి ఒకచోట, పురుడు ఒకచోట

ఇంత మంచి చోటు ఉండగా అక్కడే ఉండిపోవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కల్లా తిండితోనే. హవాయి నీళ్ళు అద్దంలా ఉంటాయి, కానీ తిమింగలానికి అందులో తినడానికి దాదాపు ఏమీ దొరకదు. తిండి ఉన్నది అలాస్కా చలినీళ్ళలో. అక్కడ వేసవిలో హెర్రింగ్ చేపలు, రొయ్యపొట్టు లాంటి క్రిల్ గుట్టలు గుట్టలుగా ఉంటాయి. హంప్‌బ్యాక్‌కు పళ్ళుండవు. పై దవడ నుంచి కుచ్చుల్లా వేలాడే పొరలుంటాయి. నోటినిండా నీళ్ళు పట్టి, నాలుకతో బయటికి నెట్టేస్తే చేపలు లోపల ఉండిపోతాయి. మనం బియ్యం కడిగి నీళ్ళు వంపినట్టే. ఇలా రోజుకు టన్నుకు పైగా తినగలదు. కొన్ని కలిసి చేపల గుంపు చుట్టూ బుడగలు వదులుతూ, వల లాగా గోడ కట్టి, అన్నీ ఒక్కసారి నోళ్ళు తెరుచుకుని పైకి లేస్తాయి.

ఇలా పట్టిన కొవ్వే ప్రయాణానికి చద్దిమూట. బయలుదేరడంలోనూ ఒక వరుస ఉంది. గర్భంతో ఉన్నవి అందరికన్నా ఆఖరున కదులుతాయి. కడుపులో పిల్ల ఉంది కాబట్టి వీలైనన్ని రోజులు తింటాయి. తిరుగు ప్రయాణంలో కొత్తగా కడుపుతో ఉన్నవి ముందు బయలుదేరతాయి. పసిపిల్లల తల్లులు ఆఖరున కదులుతాయి. పిల్లకు కాస్త సత్తువ రావాలిగా!

పదకొండు, పన్నెండు నెలలు మోసి కంటుంది తల్లి. పుట్టిన పిల్లే 13, 14 అడుగులుంటుంది. మన గేదెపాలలో వెన్న నూటికి ఏడు పాళ్ళుంటే గొప్ప. ఈ తల్లిపాలలో మూడోవంతుకు పైగా కొవ్వే. పాలు కాదు, మీగడ! ఆ పాలు ఇస్తున్నన్నాళ్ళూ తల్లికి తిండి లేదు. అలాస్కా వదిలింది మొదలు మళ్ళీ అక్కడికి చేరేదాకా నెలల తరబడి ఉపవాసం. ఒంటి బరువులో మూడోవంతు దాకా కరిగిపోవచ్చు. తరువాత పిల్లను వెంటబెట్టుకుని, మళ్ళీ అంత దూరమూ ఈదుకుంటూ తన అలవాటు చోటికి తీసుకువెళుతుంది. ఆ దారి పిల్లకు తెలిసేది అలాగే. ఏడాదికి తల్లిని విడిచాక కూడా పిల్లలు తల్లి చూపిన మేత చోటికే వస్తాయి.

తోక మీద ముగ్గు

ఇదంతా ఎలా తెలిసిందన్నది అసలు కథ. సముద్రంలో మైలురాళ్ళు లేవు, స్టేషన్లు లేవు. అలాస్కాలో చూసిన తిమింగలమే హవాయిలో కనిపించిందని రుజువేమిటి?

రుజువు తోకలో ఉంది. హంప్‌బ్యాక్ తోక అడుగున నలుపు తెలుపుల మచ్చలుంటాయి. అంచు రంపంలా ఉంటుంది. ఏ రెండు తోకలూ ఒకేలా ఉండవు. వీధిలో అందరూ అవే చుక్కలు పెట్టినా, గీత చూసి ఇది ఫలానా వారి ముగ్గు అని మనం చెప్పెయ్యమూ? అలాగే. మునిగేముందు తోక ఎత్తినప్పుడు ఒక్క ఫొటో తీస్తే చాలు, అది ఆ తిమింగలం వేలిముద్ర.

అలాస్కాలో ఈ పని మొదలుపెట్టినవారిలో చార్లెస్ జురాజ్ ఒకరు. జూనో పట్నంలో బడిపంతులు. భార్య వర్జీనియాతో, పిల్లలతో సహా వేసవులన్నీ పడవలో గడుపుతూ తిమింగలాలను గమనించారు. అలాస్కాలో తిమింగలాలు మేసే తీరు గురించి 1979లో అచ్చయిన పరిశోధనపత్రం మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయి. ఆయన 1972లో ఫొటో తీసిన ఒక మగ తిమింగలానికి తరువాత ఓల్డ్ టైమర్ అని పేరు పెట్టారు. 2024 జూలైలో ఆడమ్ ప్యాక్ అనే శాస్త్రజ్ఞుడు అలాస్కాలో మళ్ళీ ఆ తోకనే చూశారు. అర్ధశతాబ్దం దాటింది! అన్నేళ్ళ ప్రయాణానికి సాక్ష్యం ఒక పాత నలుపు తెలుపు ఫొటో.

ఒకే తోకను రెండు చోట్లా ఫొటోలు తీసి, తేదీలు లెక్కేస్తే వేగం కూడా తెలిసింది. ఒక తిమింగలం అలాస్కా నుంచి హవాయికి 36 రోజుల్లో చేరింది. అంటే గంటకు అయిదారు కిలోమీటర్లు, మనం బస్సు దాటిపోతుందేమోనని వడివడిగా నడిచే నడక. కాకపోతే పగలూ రాత్రీ ఆగని నడక.

మొదట్లో ఈ ఫొటోలను బల్లమీద పరిచి, కళ్ళతో ఒక్కొక్కటీ పోల్చేవారు. వేలకొద్దీ ఫొటోల్లో ఒక తోకను వెతకడమంటే బస్తా బియ్యంలో రాళ్ళేరినట్టే. 2015లో టెడ్ చీజ్‌మన్ హ్యాపీవేల్ అనే సంస్థను మొదలుపెట్టాక కథ మారింది. మనుషుల ముఖాలను గుర్తుపట్టే పద్ధతిలోనే ఇప్పుడు కంప్యూటరు తోకలను గుర్తుపడుతోంది. 2001 నుంచి 2021 దాకా ఉత్తర పసిఫిక్‌లో తీసిన ఫొటోలన్నీ కలిపితే దాదాపు 28 వేల తిమింగలాల చిట్టా తయారయింది. వీటిలో శాస్త్రజ్ఞులవే కాదు, సరదాగా పడవెక్కిన యాత్రికులు తీసినవీ ఉన్నాయి.

ఫొటో రెండు చివరలనే చెబుతుంది. మధ్యదారి కావాలంటే ఉపగ్రహం సాయం పట్టాలి. చిన్న యంత్రాన్ని తిమింగలం వీపులో దిగేలా కొడతారు. అది పైకి వచ్చి ఊపిరి వదిలినప్పుడల్లా ఉపగ్రహానికి కబురు అందుతుంది. కొన్ని వారాలకో నెలలకో యంత్రం ఊడిపోతుంది. ఇలా దక్షిణ మహాసముద్రాల్లో చూసినప్పుడు తేలిన విషయం 2011లో ప్రచురించారు. గాలీ ప్రవాహమూ పక్కకు నెడుతున్నా, కొన్ని తిమింగలాలు రెండువందల కిలోమీటర్లకు పైగా గీత గీసినట్టు తిన్నగా వెళ్ళాయట. సూర్యుడినో, నక్షత్రాలనో, భూమి అయస్కాంత శక్తినో దేన్ని నమ్ముకుంటాయో, ఆ గుట్టు మాత్రం ఇంకా విప్పలేదు.

తగ్గిన లెక్క

ఇంత చక్కటి చిట్టా చేతికి వచ్చాక దానిలోనే ఒక చేదు కబురు బయటపడింది.

పోయిన శతాబ్దంలో మరఫిరంగులతో ఈ జాతిని ఊచకోత కోశారు. 1966లో ఉత్తర పసిఫిక్‌లో వీటి వేట నిషేధించేనాటికి మిగిలినవి సుమారు 1,200 నుంచి 1,400. ఆ తరువాత మెల్లగా కోలుకున్నాయి. 2004 నుంచి 2006 వరకు పది దేశాలవారు, నాలుగువందల మందికి పైగా కలిసి లెక్కిస్తే దాదాపు 20 వేలు తేలాయి. 2012కు 33 వేలు దాటాయి. అందరూ సంతోషించారు. 2016లో హవాయికి వచ్చేవాటిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2014 నుంచి 2016 దాకా, ఉత్తర పసిఫిక్ నీళ్ళు ఎన్నడూ లేనంతగా వేడెక్కాయి. సముద్రానికి వడదెబ్బ అనుకోండి. క్రిల్ తగ్గింది, చేపలు తగ్గాయి. 2021 నాటికి తిమింగలాల లెక్క 26 వేల చిల్లరకు పడిపోయిందని 2024లో ప్రకటించారు. అంటే అయిదింట ఒకటి లేదు. హవాయికి వచ్చేవాటిలోనయితే 2013 నుంచి 2021 మధ్య మూడోవంతు తగ్గాయి. వేట లేదు, బాణం లేదు. చాలావాటికి ఆకలే మృత్యువు అయిందని శాస్త్రజ్ఞుల లెక్క.

తల్లుల సంగతి ఇంకా కనిపించింది. మావి దగ్గరి నీళ్ళలో 2013, 14 శీతాకాలానికీ 2017, 18 శీతాకాలానికీ మధ్య తల్లీపిల్లల జంటలు కనబడడం నాలుగింట మూడొంతులు తగ్గిపోయింది. వంటింట్లో డబ్బాలు ఖాళీగా ఉన్నప్పుడు ఇంట్లో ముందు పస్తుండేది ఎవరో మనకు ఒకరు చెప్పాలా?

మూన్ చేసిన ప్రయాణం

ఈ లెక్కల్లో ఒక్కో అంకె వెనకా ఒక ప్రాణి ఉంది. అలాంటి ఒక తల్లి పేరు మూన్. కెనడా పశ్చిమతీరంలో ఫిన్ దీవి దగ్గర ఏళ్ళ తరబడి ప్రతి సెప్టెంబరులోనూ కనిపించేది. 2020లో పిల్లను వెంటబెట్టుకుని అదే చోటికి వచ్చింది. 2022 సెప్టెంబరులో పైనుంచి డ్రోనుతో ఫొటో తీస్తే దాని వెన్ను వంకర తిరిగి కనిపించింది. ఓడ ఢీకొట్టి వెన్నెముక విరిగిందని తేల్చారు. తోక ఆడించలేదు. తిమింగలానికి తోక లేకపోవడమంటే మనకు కాళ్ళు లేకపోవడమే.

ఇక దాన్ని చూడబోమనుకున్నారు. కానీ ఆ డిసెంబరు 1న మావి దగ్గర ఒక చిక్కిపోయిన తిమింగలం కనిపించింది. ఒళ్ళంతా పేలు పట్టి ఉంది. ఫొటోలు పోల్చారు. మూనే! తోక లేకుండా, ముందు రెక్కలతో మాత్రమే తెడ్డు వేసుకుంటూ, దాదాపు అయిదువేల కిలోమీటర్లు ఈదింది. తిరిగి వెళ్ళే ఓపిక దానికి లేదని అందరికీ తెలుసు. బాధ లేకుండా చెయ్యడానికైనా అంత పెద్ద దేహానికి మందు ఇవ్వడం సాధ్యం కాదన్నారు. తల్లి చూపిన దారి ఆఖరిదాకా మరిచిపోని మూన్ కథ చదివి, తిమింగలాలుండే చోట ఓడల వేగం తగ్గించాలని అడిగే గొంతులు పెరిగాయి.

మన తీరానికీ ఒకతె వచ్చింది

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. అరేబియా సముద్రంలోనూ హంప్‌బ్యాక్‌లు ఉన్నాయి. మిగతావాటిలా ధ్రువాల వైపు పోకుండా ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి. 1960లలో సోవియట్ నౌకలు వీటిలో 242ను చంపాయి. ఇప్పుడు ఒమన్ తీరంలో వందకు లోపే ఉంటాయని అంచనా.

2017 నవంబరులో ఒమన్‌లోని మసీరా దగ్గర ఒక ఆడ తిమింగలానికి ఉపగ్రహ యంత్రం పెట్టారు. తోక మీది మచ్చ సాంబ్రాణి లాంటి ధూపం ఇచ్చే చెట్టులా ఉందని దాని పేరు లుబాన్. ఉన్నట్టుండి అది తూర్పుకు తిరిగి, అరేబియా సముద్రం దాటి, డిసెంబరులో గోవా దగ్గర తేలింది. అక్కణ్ణించి తీరం వెంటే కన్యాకుమారి దాకా వెళ్ళింది. అటు తీరానికీ ఇటు తీరానికీ ఈ తిమింగలాలు తిరుగుతాయని ఉపగ్రహం సాక్షిగా తెలియడం అదే మొదలు.

వెళ్ళదలచుకున్నవారికి

మావిలో లహైనా అనే పాత ఊరు ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో తిమింగలాల వేటనౌకలు వందలకొద్దీ ఆగిన రేవు, తరువాత వాటిని చూపించే పడవలకు పేరుపడ్డ రేవు. 2023 ఆగస్టు 8న కార్చిచ్చు ఆ ఊరిని కాల్చేసింది. వందమందికి పైగా చనిపోయారు. అక్కడ 1873లో నాటిన పెద్ద మర్రిచెట్టు ఉంది. మన దేశం నుంచి తెచ్చిన మొక్కే అది. మంటల్లో కమిలిపోయినా కొద్ది వారాలకే మళ్ళీ చిగురు వేసింది. ఆ వైపు వెళితే ఊరివాళ్ళ దుఃఖాన్ని గుర్తుంచుకుని మెలగండి.

పడవలు తిమింగలానికి తొంభై మీటర్ల లోపు పోకూడదని చట్టం. దగ్గరికి పోనివ్వమని బతిమాలకండి. బాలింత గదిలోకి ఊరంతా తోసుకుపోతే ఎలా ఉంటుంది? కడుపులో తిప్పేవారు పొద్దున్నే తేలిగ్గా తిని, ఉప్పులో ఊరిన నిమ్మబద్దో, శొంఠిముక్కో దగ్గరుంచుకోవడం మేలు. టోపీ, పల్చటి స్వెట్టరు తప్పనిసరి. పడవ ఎక్కలేనివారు ఒడ్డున కూర్చున్నా చాలు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో చివరి శనివారం స్థానికులు, యాత్రికులు స్వచ్ఛందంగా తీరం వెంట కూర్చుని తిమింగలాలను లెక్కిస్తారు. చదువులూ డిగ్రీలూ అక్కర్లేదు, ఓపికే కావాలి.

పడవలో ఉంటే మాత్రం తోక లేచినప్పుడు ఒక ఫొటో తియ్యండి. తోక అడుగుభాగం కనబడితే చాలు. దాన్ని హ్యాపీవేల్ వారికి పంపితే, అది ఏ తిమింగలమో, ఇంతకుముందు ఎక్కడెక్కడ కనిపించిందో చెబుతారు. అక్కడితో ఆగదు. ఆ ఎండాకాలంలోనో, మూడేళ్ళకో అలాస్కాలో ఇంకెవరో దాని తోకను ఫొటో తీస్తే మీకు కబురు వస్తుంది. క్షేమంగా చేరిందని. పిల్లతో చేరితే ఆ మాట కూడా అందులో ఉండవచ్చు.